నాడి మాస్టారి చూపుడువేలు

నాడి మాస్టారు ఏ బడిలోనూ పాఠాలు చెప్పలేదు. చదువుకున్నది మాత్రం పల్లెలో, ఒంటి గది బడిలో, నేల మీద కూర్చుని. ఆ సంగతి దాచుకోవడం అటుంచి, తన ఘనకార్యాలు చెప్పుకోవడం ఆయన మొదలుపెట్టేదే అక్కణ్ణుంచి.

"మా బళ్ళో బల్లల్లేవు, కిటికీలకి రెక్కల్లేవు. మా హెడ్మాస్టారి రేడియో మూగబోతే దాని నోరు తెరిపించింది ఎవరనుకున్నారు? ముక్కు తుడుచుకోవడం రాని ఈ శాల్తీయే."

ఆ తర్వాత సినిమా హాలు సంగతి వచ్చేది. బొమ్మ నడుస్తుండగా తెర మీద మాట ఆగిపోతే, జనం కుర్చీలు విరగ్గొట్టే లోపల మాట తెప్పించాడు. ఆ పైన రైల్వే స్టేషన్ మైకు. రైలొకటి చెబితే ఇంకొకటి వినబడే ఆ మైకుని మనుషుల్లో పడేశాడు. వీటన్నిటికీ చివర, అన్నిటికన్నా ఎత్తున, ఇంటి కంప్యూటర్లు.

ఇళ్ళలోకి కంప్యూటరనేది తొలిసారి అడుగుపెట్టిన రోజులవి. కీబోర్డూ యంత్రమూ ఒకే ఒంట్లో, పలకకన్నా కాస్త మందంగా ఉండేది. దాన్ని టీవీకి తగిలించి, పాటలు వినే క్యాసెట్లాంటి క్యాసెట్‌లోంచి ప్రోగ్రాం ఎక్కించాలి. అది ఎక్కుతున్నంతసేపూ ఇల్లంతా కీచుమనే చప్పుడు. కొన్నవాళ్ళు ముచ్చటగా కొన్నారు గానీ, చెడిపోతే ఎక్కడికి తీసుకెళ్ళాలో ఎవరికీ తెలియదు. మాస్టారి కొట్టుకి తీసుకొచ్చారు. కొట్టంటే ఇంటి ముందు గదే. వీధివైపు పొడవాటి బల్ల, బల్ల మీద దీపం, గోడకి పాత రేడియోల డొల్లలు, లోపలికి పోవడానికి తెర వేలాడే గుమ్మం.

ఆయన పద్ధతి ఆయనది. మూత విప్పి, కరెంటు ఇచ్చి, కళ్ళు మూసుకుని, చూపుడువేలి కొసతో మదర్‌బోర్డు మీది చిప్పుల్ని ఒక్కొక్కటే తాకుతూ పోయేవాడు. ఉండవలసిన దానికన్నా వెచ్చగా ఉంటే దానికి జబ్బు. మరీ చల్లగా ఉంటే దానికి ప్రాణం లేదు. వైద్యుడు మణికట్టు పట్టుకున్నట్టే ఉండేది ఆ చూడటం. నాడి మాస్టారనే పేరు అలా వచ్చింది. కొట్లో మీటరు లేకపోలేదు. దాన్ని గోడకి మేకు కొట్టి వేలాడదీశాడు.

"అదెందుకు మాస్టారూ?" అని ఎవరైనా అడిగితే, "నా వేలు చెప్పింది నిజమేనని సాక్ష్యం చెప్పడానికి," అనేవాడు.

ఆయన అక్క కొడుకు ఆ కొట్లోనే పని నేర్చుకున్నాడు. మంచి పనిమంతుడు, కానీ తాకి చూసి నమ్మే రకం కాదు. ఒకరోజు వచ్చినవాళ్ళ ముందు గోడ మీది మీటరు దించి బోర్డు మీద పెట్టాడు. మాస్టారికి తల కొట్టేసినట్టయింది. "వేలు మొద్దుబారినవాళ్ళకిరా మీటరు కావలసింది," అన్నాడు. వచ్చినవాళ్ళు నవ్వారు. మేనల్లుడు మీటరు తీసుకెళ్ళి మేకుకి తగిలించి, చేతులు తుడుచుకుని బయటికి నడిచాడు. కొన్నాళ్ళకి సరిగ్గా వీధికి అవతల, ఎదురుగా, ఫోన్లు బాగుచేసే కొట్టు తెరిచాడు. అంతవరకూ "మామయ్యా, నువ్వు" అనేవాడు కాస్తా అప్పట్నుంచీ "మీరు" అనసాగాడు. అది గౌరవం కాదని మాస్టారికి తెలుసు.

ఇదంతా పాతమాట. ఇప్పుడు మేనల్లుడి జుట్టు నెరిసింది. మాస్టారికి నెరవడానికి జుట్టే మిగల్లేదు. కొట్టుకి వచ్చేవాళ్ళూ అంతే.

అలాంటి సమయంలో లైబ్రరీ మేడమ్ వచ్చింది.

"లైబ్రరీలో పాత యంత్రాల గది ఒకటి పెడుతున్నాం మాస్టారూ. టైపు మిషనూ, రీలు కెమెరా, వేలు పెట్టి తిప్పే ఫోనూ అన్నీ దొరికాయి. ఇంటి కంప్యూటరే ఎవరి దగ్గరా లేదు."

"ఎందుకుంటుందమ్మా, అందరివీ చెత్తబండి ఎక్కాయి. నాది ఉంది."

"నడుస్తుందా?"

"నా దగ్గరున్నది నడవకపోవడమేంటి?"

బీరువా పైనుంచి అట్టపెట్టె దించి, గుడ్డ విప్పి, యంత్రాన్ని టీవీకి తగిలించాడు. తెర నిండా నల్లవీ తెల్లవీ మచ్చలు, అతుకులేసిన దుప్పటిలాగా. మాట లేదు, అక్షరం లేదు. తీసి మళ్ళీ పెట్టాడు. అవే మచ్చలు.

"చాలా ఏళ్ళయింది కదా, నిద్రమత్తు," అన్నాడు.

"నడవకపోయినా ఫర్వాలేదండీ. అద్దాల పెట్టెలో పెట్టి, పక్కన మీ పేరుతో ఒక చీటీ పెడతాం."

"శవాన్ని అద్దాల పెట్టెలో పెట్టి పక్కన నా పేరు రాస్తారా? చూసినవాళ్ళు చంపింది నేనే అనుకుంటారు."

ఆవిడ నవ్వింది. ఆయన నవ్వలేదు.

"దీన్ని నా చేత్తో లేపి ఇస్తాను. చీటీ మీద ఆ మాట కూడా రాయండి."

"తప్పకుండా రాస్తాను. గది తెరిచే రోజున మీరే నలుగురికీ చెబుదురుగాని."

ఆవిడ వెళ్ళిపోయాక మాస్టారు యంత్రం మీది దుమ్ము తుడుస్తూ బల్ల దగ్గర కూర్చున్నాడు. ఇన్నేళ్ళుగా చెప్పుకున్నదంతా గాల్లో చెప్పుకున్నదే. విన్నవాళ్ళలో సగంమంది పోయారు, మిగతావాళ్ళు మర్చిపోయారు. భార్యకి అంతా కంఠతా వచ్చు గానీ, ఆవిడ పెదవి విప్పి ఎవరితోనూ అనదు. తన పనితనం అచ్చక్షరాల్లో ఒక గోడ మీద ఉండబోయేది ఇదొక్కసారే. ఈ యంత్రం లేవాలి. తన చేత్తోనే లేవాలి.

చిక్కల్లా ఆ చెయ్యే.

ఒంట్లో చక్కెర చేరి ఏళ్ళయింది. ముందు పాదాలు తిమ్మిరెక్కాయి, తర్వాత వేళ్ళ కొసలు. ఒకరోజు పొయ్యి మీంచి అప్పుడే దించిన టీ గ్లాసుని ఆయన అరచేత్తో పట్టుకుని నింపాదిగా తాగుతుంటే భార్య చూసింది.

"ఏమండీ, కాలట్లేదా?"

"ఏళ్ళ తరబడి సోల్డరింగ్ ఐరన్ పట్టిన చెయ్యే ఇది. గ్లాసుకి జడుస్తుందా?"

ఆవిడ ఆ తర్వాత ఆయన టీని చల్లార్చే ఇచ్చేది. ఆయన ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈమధ్య బాగుచేసిన కొద్దిపాటివీ అలవాటు మీదా అదృష్టం మీదా బాగుపడినవే. వేలు మాత్రం మునుపటిలాగే పెడుతున్నాడు, కళ్ళు మునుపటిలాగే మూస్తున్నాడు. లోపల్నుంచి జవాబు రావడం లేదు.

మర్నాడు మూత విప్పాడు. మదర్‌బోర్డు మీద మెమరీ చిప్పులు ఎనిమిది, ప్రార్థనకి నిలబడ్డ పిల్లల్లాగా ఒకే వరసలో ఉన్నాయి. వాటిలో ఒక్కటి చచ్చినా తెర మీద మచ్చలే. ఆ ఒక్కటీ ఏదో పట్టుకోవడానికి పాత మెకానిక్కుల కిటుకు ఒకటుంది. అలాంటిదే ఇంకో మంచి చిప్పు తీసుకుని, అనుమానం ఉన్నదాని వీపు మీద కాళ్ళకి కాళ్ళు తగిలేలా ఎక్కించి, కరెంటివ్వాలి. బొమ్మ మారిందంటే కిందది పోయినట్టు. మాస్టారు వరసలో ఒక్కొక్కదాని మీదా ఎక్కించుకుంటూ పోయాడు. ఒకచోట మచ్చలు సగానికి సగం తగ్గాయి.

"దొరికావురా," అన్నాడు.

అంతవరకూ ఆయన పనికి వంక పెట్టడానికి లేదు. కానీ ఆ చిప్పులకి మూడు రకాల కరెంటు కావాలి. పన్నెండు వోల్టులు, అయిదు వోల్టులు, మైనస్ అయిదు వోల్టులు. ఆ మైనస్ అయిదుని బోర్డు మూలనున్న చిన్న తీగచుట్టా దాని పక్కనున్న ట్రాన్సిస్టరూ కలిసి తయారుచేస్తాయి. అది ఆగిపోయిందంటే మిగతా రెండూ చిప్పుల్ని లోపల్నుంచి ఉడకబెట్టేస్తాయి. కొత్తవి ఎన్ని వేసినా అంతే. రోజులు బాగున్నప్పుడు మాస్టారికి ఆ జబ్బు చిటికెలో తెలిసేది. వరస మీద వేలు పెట్టగానే చురుక్కుమని వెనక్కొచ్చేది. ఆ వెనక్కి రావడమే ఆయనకి మీటరు.

ఇప్పుడూ వేలు పెట్టాడు. వెనక్కి రాలేదు. అంటే మూలనున్నది బాగానే ఉంది, పోయింది చిప్పొక్కటేనని తేల్చుకున్నాడు.

పాత చిప్పుని ఊడదీసి, దాని చోట సాకెట్ అతుకుతూ ఉండగా మేనల్లుడు వచ్చాడు. వాళ్ళ అత్తయ్య ఫోను బాగుచేసి తెచ్చాడు. ఫోను బల్ల మీద పెట్టి బోర్డు వంక చూశాడు.

"మైనస్ అయిదు చూశారా మామయ్యా?"

"చూశాను."

"దేంతో?"

"ఎప్పుడూ దేంతో చూస్తానో దాంతోనే."

మేనల్లుడు గోడ మీది మీటరు వైపు చూశాడు. దాని మీద దుమ్ము వేలెడు మందాన ఉంది.

"చిప్పు ఊరికే పోదు కదా. దాన్ని ఏదో ఒకటి..."

"ఒరేయ్, ఫోన్లకి అద్దాలు మార్చుకునేవాడివి. చిప్పులు ఎందుకు పోతాయో నాకు చెబుతావా?"

"నా కొట్లో వేడిని చూపించే కెమెరా ఉంది. ఏది ఎంత కాలుతోందో రంగుల్లో కనబడుతుంది. తెమ్మంటే తెస్తాను."

"నీకు అవసరం అది. నువ్వే చూసుకో."

"సరే," అన్నాడు మేనల్లుడు. గుమ్మం తెర వైపు తిరిగి, "అత్తయ్యా, ఫోను బాగైంది. ఈసారి దాన్ని బకెట్లో ముంచకు," అని కేకేసి వెళ్ళిపోయాడు.

లోపల్నుంచి భార్య వచ్చింది. "వాడు మంచికే చెప్పాడేమో."

"మంచికి చెప్పేవాళ్ళందరూ నా దగ్గర నేర్చుకుని నా మొహానికి ఎదురుగా కొట్టు పెట్టినవాళ్ళే."

మాస్టారి దగ్గర పాత చిప్పులు కొన్ని దాచినవి ఉన్నాయి. నల్లటి మెత్తటి స్పాంజిలో కాళ్ళు గుచ్చి, మూతపెట్టిన డబ్బాలో, ఎవరడిగినా ఇవ్వకుండా దాచినవి. ఇప్పుడు అవి ఎక్కడా తయారు కావు. అందులోంచి ఒకటి తీసి సాకెట్లో కూర్చోబెట్టాడు. స్విచ్చి వేశాడు.

తెర తెల్లగా తేలింది. కింద మూలన, కంపెనీ వాళ్ళు పెట్టిన పాత పలకరింపు నల్లటి అక్షరాల్లో నిలబడింది. మిట్టమధ్యాహ్నపు వెలుతురులో కూడా స్పష్టంగా కనబడింది.

"ఏమే, ఇటు రా," అని పిలిచాడు.

ఆవిడ తడిచేతులు చెంగుకి తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"చూశావా? ఇది చచ్చిందన్నారు. అద్దాల పెట్టెలో పెడతామన్నారు." ఆయన వేలు చిప్పుల వరస మీద ఆనించే ఉంచాడు, పెంపుడు పిల్లిని నిమిరినట్టు. "హెడ్మాస్టారి రేడియో అప్పుడు కూడా ఇంతే. ఊళ్ళో అందరూ పోయిందన్నారు. సినిమా హాల్లో అయితే మేనేజరు చేతులెత్తేశాడు. నేను వెళ్ళి..."

హెడ్మాస్టారిదీ అయింది, సినిమా హాలుదీ అయింది, రైల్వే స్టేషన్‌లోకి అడుగుపెట్టాడు. అక్షరాలు ఒక్కసారి వణికాయి. ఆయన చూడలేదు.

"ఏదో కాలుతున్న వాసన," అంది భార్య.

"పాత దుమ్ము కదా, వేడికి అలాగే ఉంటుంది."

"దుమ్ము కాదండీ." ఆవిడ దగ్గరికొచ్చింది. చటుక్కున ఆయన మణికట్టు పట్టుకుని చెయ్యి పైకి లాగింది. "అయ్యో, వేలు. మీ వేలు కాలుతోంది."

తెర నిండా మచ్చలు. ఆ తర్వాత మచ్చలు కూడా లేవు. వరస మీంచి సన్నటి పొగ లేచింది. ఆయన స్విచ్చి తీయలేదు. ఆవిడే తీసింది. వేలి కొస మీద చర్మం తెల్లబడి ఉబ్బుతోంది. ఆయన దాన్ని పరాయివాడి వేలు చూసినట్టు చూశాడు.

అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. పని తెలియనివాడైతే ఇంకేదో సాకు దొరికేది. మూలనున్న ట్రాన్సిస్టరు ముసలిదైంది. చల్లగా ఉన్నంతసేపూ మైనస్ అయిదు ఇచ్చింది, వేడెక్కగానే మానేసింది. తను ఊరి సంగతులు చెబుతూ నిమిరినంతసేపూ ఆ వరస వరసంతా తన వేలి కిందే ఉడికిపోయింది.

"ఎవరితోనూ అనకు," అన్నాడు.

ఆవిడ వేలికి మందు రాస్తూ తల కూడా ఊపలేదు.

బోర్డుని గుడ్డలో చుట్టి మంచం కిందికి తోశాడు. లైబ్రరీకి ఒంట్లో బాగాలేదని చెప్పమన్నాడు. ఆ వారమంతా వేలికి కట్టు కట్టించుకోవడానికి దవాఖానాకి పోవడం, రావడం, గోడవైపు తిరిగి పడుకోవడం. భార్య అన్నం పెట్టింది, మందులిచ్చింది. లైబ్రరీకి మాత్రం ఏ మాటా పంపలేదు.

గది తెరిచే రోజు ముందు ఆయన దవాఖానా నుంచి వచ్చేసరికి బల్ల మీద యంత్రం ఉంది. పక్కన టీవీ. తెర మీద నల్లటి అక్షరాలు, వణుకు లేకుండా. గుమ్మం పక్క కుర్చీలో భార్య కూర్చుని ఉంది.

ఆయన మూత విప్పాడు. తాను దాచుకున్న చిప్పూ లేదు, దానితోపాటు కాలిన మిగతావీ లేవు. వాటి స్థానంలో గోరంత కొత్త బోర్డులు వరసగా ఉన్నాయి. మూలన తీగచుట్టా, ట్రాన్సిస్టరూ కొత్తవి. సోల్డరింగ్ చుక్కలు ఒక్కొక్కటీ మంచుబిందువుల్లా మెరుస్తున్నాయి. ఆ చెయ్యి ఎవరిదో అడగనక్కర్లేదు. ఐరన్ ఎలా పట్టాలో నేర్పింది తనే.

"వాడికి నువ్వే ఇచ్చావా?"

"నేనే ఇచ్చాను."

ఆయన వీధి దాటాడు. ఎదురు కొట్లోకి అడుగుపెట్టడం అదే మొదలు. తెల్లటి దీపాలు, గాజు బల్ల, పనిముట్లు దేని చోట్లో అది. మేనల్లుడు కంటికి భూతద్దం పెట్టుకుని ఏదో ఫోను మీద వంగి ఉన్నాడు. తలెత్తలేదు.

"అడక్కుండా ఎందుకు చేశావు?"

"మీ కోసం చెయ్యలేదు మామయ్యా. అత్తయ్య వచ్చి అడిగింది. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి."

"చీటీ మీద నీ పేరు వేయించుకో, పో."

"నాకెందుకు? నేను అద్దాలు మార్చుకునేవాణ్ణి." అప్పుడు తలెత్తాడు. చూపు మాస్టారి వేలి కట్టు మీద ఆగింది. "ఎన్నాళ్ళ నుంచి తెలియట్లేదు?"

మాస్టారు కట్టున్న చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"అప్పుడు కెమెరా తెస్తానంటే వద్దన్నది అందుకా?" అన్నాడు మేనల్లుడు. ఆ గొంతులో జాలి ఉంటే మాస్టారు ఎలాగోలా ఓర్చుకునేవాడే. జాలి కూడా లేదు. "సరే, వెళ్ళండి. రేపు మంచి చొక్కా వేసుకోండి."

లైబ్రరీలో కొత్త సున్నం వాసన, మడత కుర్చీలు, గోడల వెంట బల్లల మీద యంత్రాలు. ఇంటి కంప్యూటరు మీద మూతకి బదులు పైకి ఎత్తి దించేలా అద్దం పెట్టించింది మేడమ్, లోపలి బోర్డు అందరికీ కనబడాలని. పక్కన చీటీ. ఆయన పేరు, నాడి మాస్టారనే పేరు, ఈ యంత్రం ఆయన చేతుల మీదుగానే మళ్ళీ లేచిందన్న మాట, అన్నీ అచ్చక్షరాల్లో ఉన్నాయి. కోరుకున్నది కోరుకున్నట్టే ఉంది.

"మాస్టారూ, జబ్బు ఎక్కడుందో ఎలా కనిపెట్టారో మావాళ్ళకి చెప్పండి."

ఆయన లేచాడు. వెనక వరసలో భార్య, ఆవిణ్ణి తీసుకొచ్చిన మేనల్లుడు. మామూలుగా అయితే హెడ్మాస్టారి రేడియోతో మొదలుపెట్టేవాడు. ఆ రోజు నేరుగా బోర్డు దగ్గరికే వచ్చాడు.

"మైనస్ అయిదు రావట్లేదు," అన్నాడు. నిజమే. "దాంతో చిప్పులన్నీ కాలిపోతున్నాయి." అదీ నిజమే. కట్టు కట్టిన వేలు పైకెత్తాడు. "వేలు పెట్టగానే తెలిసింది."

కుర్చీల్లోంచి చప్పట్లు. మేడమ్ అద్దం పైకెత్తింది. "ఒక్కసారి మీ నాడి చూడటం కూడా చూపించండి మాస్టారూ."

కట్టు విప్పి వేలు పెట్టాడు. కళ్ళు మూసుకున్నాడు. గోడ మీద పెట్టినా, గాల్లో పెట్టినా అంతే. చల్లనో వెచ్చనో చెప్పాలి. కళ్ళు తెరిచాడు. తెలియకుండానే చూపు జనాన్ని దాటుకుని వెనక వరసకి పోయింది. మేనల్లుడు ఇటే చూస్తున్నాడు. తల ఒక్క రవ్వ, కిందికి ఊపాడు. పాఠం అప్పజెబుతూ తడబడే పిల్లాడికి మేష్టరు ఊపినట్టు.

"అన్నీ సరిగ్గా ఉన్నాయి," అన్నాడు మాస్టారు.

మళ్ళీ చప్పట్లు. మేనల్లుడు కూడా కొట్టాడు.

ఆ చీటీ చూసినవాడే కొన్నాళ్ళకి ఒక పాత రేడియో చంకలో పెట్టుకుని వచ్చాడు. వాళ్ళ నాన్నదట. "మీ గురించి లైబ్రరీలో చదివానండీ. మీ వేలు పడితే చాలన్నారు."

"మా బళ్ళో బల్లల్లేవు," అని మొదలుపెట్టాడు మాస్టారు. రేడియో మూత విప్పుతూ హెడ్మాస్టారి దగ్గర్నుంచి సినిమా హాలుకి, సినిమా హాలు నుంచి రైల్వే స్టేషన్‌కి వచ్చాడు. ఇంటి కంప్యూటర్ల దగ్గర ఆగిపోయాడు.

"లైబ్రరీలోది కూడా మీదే కదండీ," అని వచ్చినతను అందించాడు.

తెర వెనక గిన్నెల చప్పుడు ఆగింది. ఆవిడ వింటోంది. ఆయన ఔననలేదు, కాదనలేదు. కరెంటిచ్చి లోపల వేలు పెట్టాడు. కాసేపు ఉంచాడు. లేచి, గోడ మీది మీటరు దించి దుమ్ము దులిపి చూశాడు. దాని ముల్లు కదల్లేదు. వెనక మూత తీస్తే బ్యాటరీ ఎప్పుడో కారిపోయి, లోపల పచ్చటి పొడి కట్టి ఉంది.

"ఎదురు కొట్లో బ్యాటరీలుంటాయి," అంది భార్య లోపల్నుంచి. "వెళ్ళి తెచ్చుకోండి."

ఆయన మీటరుని మళ్ళీ మేకుకి తగిలించాడు. రేడియోకి మూత వేసి, మరలు బిగించి, ముందుకి జరిపాడు. కరెంటివ్వగానే వచ్చిన గరగర విన్నప్పుడే జబ్బేమిటో పట్టేశాడు. ఒక తీగ ఊడి ఉంటుంది, అంతే. అదెక్కడో తెలియాలంటే మాత్రం వీధి దాటాలి.

"ఇది బాగుపడదు. తీసుకెళ్ళండి."

అతను మొహం చిన్నబుచ్చుకుని రేడియో ఎత్తుకున్నాడు. గుమ్మం దిగి, అటూ ఇటూ చూసి, వీధి దాటాడు.

కాసేపటికి ఎదురు కొట్లోంచి పాట వినిపించింది. ఖంగుమని, గరగర లేకుండా. మాస్టారు కుర్చీని వీధివైపు నుంచి లోపలికి తిప్పుకుని కూర్చున్నాడు.